చార్టు కింద పేరు

బడుల్లో జరిగే సైన్సు ప్రదర్శనల్ని సాహిత్య విమర్శ పట్టించుకున్న దాఖలా లేదు. పట్టించుకోవడానికి అక్కడ సాహిత్యం ఏముందని అడగొచ్చు. ఉంది. ప్రతి బల్ల వెనకా గోడకి ఒక చార్టు ఉంటుంది. దానికొక శీర్షిక, కొంత కథనం, ఒక ముగింపు, కింద ఒక పేరు ఉంటాయి. పేరు పదమూడేళ్ళ పిల్లది. గుండ్రటి అక్షరాలు వాళ్ళమ్మవి. బల్లమీది థర్మోకోల్ అగ్నిపర్వతం వాళ్ళ నాన్నది. పేరొకరిది, చేయి ఇంకొకరిది అయిన రచనల్ని చదవడం స్త్రీల సాహిత్యంతో కుస్తీ పట్టే మనకి కొత్త కాదు. అందుకే పిల్లల ప్రాజెక్టుల మీద పెద్దలు పడే పోటీని ఒక జోకుగా చెప్పుకుని వదిలేయడం నాకు నచ్చదు. ఆ పోటీని కూడా చదవాలి.

చదివితే కనిపించేది ఒక పోటీ కాదు, రెండు. పిల్లల చేతిలో ఉన్నదాన్ని లాక్కునే పోటీ ఒకటి. పిల్లల పక్కన తనకూ ఒక పీట వెయ్యమని అడిగే పోటీ రెండోది. పైకి రెండూ ఒకేలా నవ్వు పుట్టిస్తాయి. పెద్ద మనిషికి ఈ చిన్నపిల్లల గోలేమిటని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ మొదటిది అధికారం నుంచి వస్తుంది. రెండోది లేమి నుంచి వస్తుంది. ఈ తేడాని గుర్తించడంలోనే స్త్రీవాద విమర్శకి ఇక్కడ పని ఉందని నా వాదన.

మొదటి రకాన్ని చూడాలంటే ఏ ప్రదర్శనకైనా వెళితే చాలు. రాత్రి పన్నెండింటి దాకా అట్టలు కత్తిరించి, జిగురు రాసి, స్కెచ్‌పెన్నుతో గళ్ళు గీసేది తల్లి. తెల్లారి ఇస్త్రీ చొక్కాలో వచ్చి, న్యాయనిర్ణేతలు బల్ల దగ్గరికి రాగానే పిల్లని పక్కకి జరిపి వివరించేది తండ్రి. శ్రమ ఇంటిలోపల, మాట బయట అనే పంపకం ఇక్కడా తప్పలేదు. పిల్ల పేరు మాత్రం చార్టు మీద అలాగే ఉంటుంది. పేరు ఉండి మాట లేకపోవడం ఎలా ఉంటుందో మనకి చెప్పాలా?

దీనికి ప్రభుత్వ పథకాలూ ఒక రూపం ఇచ్చాయి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2009-10లో మొదలుపెట్టిన ఇన్‌స్పైర్ అవార్డులు తరవాత 'మానక్' అన్న పేరు కలుపుకుని, ఎంపికైన ఆలోచనకి పదివేల రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలోకి పంపే పద్ధతికి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. ఆలోచన పిల్లలదే కావాలన్నది దాని ప్రాణం. అయితే పోటీ అన్నాక పెద్దల పరువూ అందులో చేరుతుంది. చార్టు కింద పిల్ల పేరు, ఆ కింద 'గైడ్ టీచర్' పేరు ఉంటాయి. ఆలోచన నిజంగా ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసే గడి మాత్రం ఉండదు.

తెలుగు సాహిత్యంలో దీనికి దగ్గరి బంధువులున్నాయి. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది పురాణం సీత అని పేరు ఉండేది. రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఒక పురుషుడు ఇల్లాలి గొంతు పెట్టుకుంటే అది చమత్కారం అయింది. అదే ఒక ఇల్లాలు నిజంగా రాస్తే 'మీ ఆయన దిద్దిపెడతారా?' అన్న ప్రశ్న ఎదురైంది. పిల్లల విషయంలోనూ ఇంతే. పిల్ల బాగా చేస్తే 'ఎవరు చేసిచ్చారు?' అంటాం. పెద్దవాళ్ళు పిల్ల పేరు పెట్టుకుని చేస్తే బహుమతి ఇస్తాం.

పిల్లల ప్రయోగానికి పెద్దవాళ్ళు ఎదురునిలిచిన సందర్భాలు లిఖితంగానూ దొరుకుతాయి. వాటిలో నేను పదే పదే చదివింది 1969లో 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' అనే పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. రాసినవాళ్ళు ఇద్దరు. టాంజానియాకి చెందిన ఎరాస్టో ఎంపెంబా, దారెస్సలాం యూనివర్సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే డెనిస్ ఆస్బర్న్. సగం ఒకరి గొంతు, సగం ఇంకొకరి గొంతు. 1963లో బడిలో కుర్రాళ్ళు ఐస్‌క్రీమ్ చేసుకుంటున్నారు. పాలు కాచి, చక్కెర కలిపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ. చోటు పోతుందేమోనని ఎంపెంబా వేడి పాలే పెట్టేశాడు. తీరా చూస్తే కాచకుండా పెట్టినవాడి పాలకంటే ముందు అతనివే గడ్డకట్టాయి. ఎందుకని టీచర్ని అడిగితే, నువ్వేదో పొరబడ్డావన్నాడు. తరవాత పైబడిలో ఇంకో టీచర్, అది లోకంలో ఉన్న భౌతికశాస్త్రం కాదు, ఎంపెంబా భౌతికశాస్త్రం అని వెక్కిరించాడు. ఆ తరవాత లెక్క తప్పినప్పుడల్లా క్లాసంతా అతని పేరు పెట్టి ఎగతాళి చేసేది.

ఆ టీచరుకి పిల్లవాడితో పోటీ ఏమిటి? జీతం, హోదా, బెత్తం అన్నీ అతని దగ్గరే ఉన్నాయి. అయినా ఒక ప్రశ్న ముందు అతను సాటి పిల్లవాడిలా రోషపడ్డాడు. పోటీ ఐస్‌క్రీమ్ గురించి కాదు, ప్రశ్న ఎవరి సొత్తు అన్నదాని గురించి. ఆస్బర్న్ బడికి వచ్చినప్పుడు ఎంపెంబా మళ్ళీ అదే అడిగాడు, మళ్ళీ అందరూ నవ్వారు. ఆస్బర్న్ నవ్వకుండా తిరిగి వెళ్ళి ప్రయోగం చేయించాడు. ఫలితం పిల్లవాడు చెప్పినట్టే వచ్చిందనీ, సరైన ఫలితం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తాననీ అక్కడి టెక్నీషియన్ అన్నాడట. ఈ ముచ్చటని ఆస్బర్నే రాశాడు. దాన్ని దాచుకోకపోవడం ఆ వ్యాసానికున్న గొప్ప గుణం. 'ఎంపెంబా ప్రభావం' నిజంగా ఉందా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనం దానికి గట్టి సాక్ష్యం దొరకలేదంది. తేలకపోయినా నష్టం లేదు. వ్యాసం మీద పిల్లవాడి పేరు ముందుంది, ప్రొఫెసర్ పేరు వెనక ఉంది.

అందులో ఇంకో వాక్యం దగ్గర నేను ఆగిపోతాను. టాంగా పట్టణంలో ఐస్‌క్రీమ్ అమ్ముకునే ఒక స్నేహితుడికి ఈ సంగతి ముందే తెలుసని ఎంపెంబా చెప్తాడు. త్వరగా గడ్డకట్టాలంటే వేడిగానే పెట్టాలన్నది వాళ్ళ రోజువారీ పని. అంటే టీచరు కాదన్నది ఒక పిల్లవాడినే కాదు, బడి గడప తొక్కని ఒక పనితనాన్ని కూడా. ఆ పనితనానికి చార్టు లేదు, దాని కింద పేరూ లేదు.

రెండో రకం పోటీని నేను చూసింది ఆగిరిపల్లిలో, మా పిన్ని ఇంట్లో. శోభనాచలం కొండ కింద ఉన్న ఊరు అది. నూజివీడు మామిడి అని బజార్లో మనం అడిగి కొనే చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి ఈ చుట్టుపక్కల తోటలవే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది గానీ, కాయలు మాత్రం ఎప్పట్లాగే నున్న మార్కెట్టు దారి పడతాయి. పిన్ని పుట్టింటి వాళ్ళు ఆమెని ఏడో తరగతితో మానిపించారు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కాయలు మాగేసే పని ఆమెదే.

వేసవి సెలవులకి వచ్చిన ఆమె మనవరాళ్ళిద్దరూ బడి తెరిచాక చూపించడానికి ఒక ప్రాజెక్టు పెట్టుకున్నారు. ఒకే రోజు కోసిన చిన్న రసాలు పదేసి చొప్పున మూడు చోట్ల పెట్టారు. కొన్ని గడ్డి పరిచిన బుట్టలో, కొన్ని బియ్యం డబ్బాలో, కొన్ని ఉత్త నేలమీద. రోజూ పొద్దున్నే నొక్కి చూసి, వాసన చూసి, నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మాగే కాయ ఎథిలీన్ అనే వాయువుని విడుస్తుందనీ, మూసిన చోట అది నిలబడి పక్క కాయల్నీ మాగిస్తుందనీ పుస్తకం చూసి రాసుకున్నారు. వ్యాపారులు వాడే కాల్షియం కార్బైడ్ తేమ తగిలి ఎసిటిలీన్ విడుస్తుందనీ, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే ప్రమాదం వల్ల ప్రభుత్వం దాన్ని నిషేధించిందనీ, ఎథిలీన్‌ని మాత్రం గాలిలో పది లక్షల వంతులకి 100 వంతులు మించకుండా వాడుకోనిస్తారనీ ఎర్ర స్కెచ్‌పెన్నుతో విడిగా పెట్టుకున్నారు.

మూడో రోజున పిన్ని నాలుగో బుట్ట పెట్టింది. తన బుట్టే ముందు మాగుతుందని పందెం వేసింది. పిల్లలు ముట్టుకోకుండా ధాన్యం బస్తాల వెనక దాచింది. గోడమీద బొగ్గుతో రోజుకొక గీత గీసింది. భోజనాల దగ్గర 'మీ కాయలు ఇంకా పుల్లగానే ఉన్నాయంటగా' అని కవ్వించింది. బాబాయి నవ్వి, 'ముసలితనంలో ఈ పిల్లకాయల ఆటేంటి నీకు?' అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. బుట్ట ముందే మాగింది కూడా.

ఓడిపోయామని ఒప్పుకోవడానికి పెద్దమనవరాలు సిద్ధంగా లేదు. 'అమ్మమ్మా, మేము దొరికిన కాయలు పెట్టాం. నువ్వు ఏరుకున్నావు. అది చెల్లదు' అంది.

'ఏరుకోవడమే కదే పనంటే! ముచ్చిక దగ్గర భుజాలు లేచిన కాయ ఏదో, లేత కాయ ఏదో తెలియకుండా గడ్డిలో పడేస్తే అది మాగుద్దా, వడిలిపోద్దా?' అంది పిన్ని.

నా దృష్టిలో ఆ రెండు మాటలూ కలిపితే ఒక విమర్శ వ్యాసం. ఏరితే పోలిక చెల్లదన్న పిల్ల మాట నిజం. ఏరడమే జ్ఞానమన్న పిన్ని మాటా నిజం. పుస్తకం గ్యాసు గురించి చెప్పింది గానీ కాయ ముదురు గురించి పిల్లలకి చెప్పలేదు. పిన్ని ముదురు గురించి చెప్పింది గానీ తన చేతి నైపుణ్యాన్నీ గడ్డి గుణాన్నీ విడదీసి చూడలేదు. రెండో విడతలో పిల్లలు కాయలన్నిటినీ నీళ్ళ గంగాళంలో వేశారు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. మునిగినవాటినే కళ్ళు మూసుకుని పంచుకున్నారు. ఈసారి రెండు గడ్డి బుట్టలూ ఒకే రోజు మాగాయి. కాకపోతే పిన్ని బుట్టలో ఒక్కటీ కుళ్ళలేదు. పిల్లల బుట్టలో రెండు కుళ్ళాయి. సొన కారిపోయేలా ముచ్చిక కిందికి పెట్టి ఆరబెట్టడం వాళ్ళకి తెలియదు, ఆమెకి తెలుసు. ఆ మాట నోటుబుక్కులోకి ఎక్కింది.

చార్టు మీదికి మాత్రం ఎక్కలేదు. కింద ఇద్దరు పిల్లల పేర్లున్నాయి, గైడ్ టీచర్ పేరుంది. 'అమ్మమ్మ పేరు రాయొచ్చా?' అని పిల్లలు అడిగితే, ఇంట్లోవాళ్ళ సాయం తీసుకున్నారంటే మార్కులు పోతాయని బడిలో చెప్పారట. అదే ప్రదర్శనలో పక్క బల్ల దగ్గర ఒక తండ్రి అరగంట సేపు హైడ్రాలిక్ క్రేన్ గురించి తానే ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన సాయం ఎవరికీ సాయంలా కనబడలేదు. సంగతి విన్న పిన్ని పది రూపాయలు పెట్టి ఒక చార్టు తెప్పించింది. తను చెబుతుంటే చిన్నమనవరాలి చేత రాయించి, వరండా గోడకి అంటించింది. కింద పేరు తానే రాసుకుంది, పుట్టింటి ఇంటిపేరుతో. బడి హాజరుపట్టీలో ఆమెకి ఉండిన పేరు అది.

పిన్ని పోటీ పిల్లలతో అనుకుంటే అది హాస్యాస్పదమే. యాభై దాటిన మనిషి పదమూడేళ్ళ వాళ్ళతో పందెం కాయడమేమిటి? కానీ ఆమె పోటీ ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన తన బడితో. పిల్లలు ఆ బడికి అందుబాటులో ఉన్న ప్రతినిధులు, అంతే.

ఇక్కడొక చిక్కు ఉంది, మన పత్రికల్లో మనం తరచు దాటేసే చిక్కు. స్త్రీల అనుభవ జ్ఞానాన్ని బడి చదువు చిన్నచూపు చూసిందని అంటూ అంటూ, ఆ జ్ఞానాన్ని పరీక్షకి అతీతంగా నిలబెట్టే ప్రమాదం. దీన్ని గురించి ఆలోచించడానికి నాకు ఒక అమెరికన్ పాప సాయం చేసింది. 1970ల తొలినాళ్ళలో డొలోరెస్ క్రీగర్ అనే నర్సింగ్ ప్రొఫెసరు, డోరా కున్జ్ కలిసి 'థెరప్యూటిక్ టచ్' అనే పద్ధతి రూపొందించారు. రోగిని తాకకుండా, ఒంటికి కాస్త ఎడంగా చేతులు కదిపి శరీర శక్తిని సరిచేయవచ్చన్నది దాని నమ్మకం. డాక్టర్ల మాటే చెల్లే ఆసుపత్రుల్లో అది నర్సుల సొంత విద్యగా నిలబడింది. అందుకే దాని మీద ఎందరో స్త్రీలకి అభిమానం. 1996లో కొలరాడోలో నాలుగో తరగతి చదువుతున్న తొమ్మిదేళ్ళ ఎమిలీ రోజా దాన్నే తన సైన్సు ప్రాజెక్టుగా తీసుకుంది. మధ్యలో ఒక అట్ట తెర. అవతలివాళ్ళు రెండు చేతులూ తెర కన్నాల్లోంచి చాపాలి. ఎమిలీ నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి ఒక చేతిపైన తన చేయి పెడుతుంది. ఏ చేతి దగ్గర ఉందో వాళ్ళు చెప్పాలి. 21 మంది 280 సార్లు చెప్పారు. 123 సార్లు సరిపోయింది. గుడ్డిగా చెప్పినా 140 దాకా సరిపోవాలి.

ఆ పత్రం 1998 ఏప్రిల్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆ పద్ధతి సమర్థకులు పరీక్ష తీరునే తప్పుపట్టారు. పెద్ద శాస్త్రవేత్తలు పరీక్షిస్తామంటే ముందుకు రానివాళ్ళు ఒక పాప అడిగితే ముద్దుగా చేతులు చాపారు. పిల్ల కదా అని తేలిగ్గా తీసుకోవడమే తెర తెరిచింది. పత్రం మీద మొదటి పేరు మాత్రం ఎమిలీది కాదు, నర్సు అయిన ఆమె తల్లి లిండా రోజాది. కూతురి పేరు రెండోది. తల్లి లాక్కుందా, కూతురికి ఆ గుమ్మం తెరవడానికి ముందు నడిచిందా? ఒక్క పేర్ల వరస చూసి తీర్పు చెప్పలేం. అయితే రెండు పేర్లూ అక్కడ ఉన్నాయి కాబట్టే ఈ ప్రశ్న వేయగలుగుతున్నాం.

ఎమిలీ నాకు నేర్పేదేమిటంటే, పిల్ల పరీక్ష పెట్టడం పెద్దవాళ్ళ జ్ఞానానికి అవమానం కాదు. నర్సుల విద్య ఆ తెర ముందు నిలవలేదు. మా పిన్ని విద్య నీళ్ళ గంగాళం ముందు సగం నిలిచింది, సగం విడివడి కొత్త రూపం తీసుకుంది. 'అది చెల్లదు' అని మనవరాలు అనకపోతే పిన్ని జ్ఞానం 'అమ్మమ్మ చేతి మహిమ'గా మిగిలిపోయేది. మహిమ అన్నాక దాన్ని మెచ్చుకుంటారు గానీ, నేర్చుకోరు, పేరు పెట్టి చెప్పుకోరు. స్త్రీల పనిని మహిమగా పొగిడి జ్ఞానంగా లెక్కించకపోవడం పితృస్వామ్యానికి బాగా అలవాటైన ఎత్తుగడ.

పిల్లల కోసం వేసిన పీటమీద పెద్దవాళ్ళు కూర్చోవడం మన దగ్గర మొదటిసారీ కాదు. అదే కృష్ణా తీరంలో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబకి పదేళ్ళకే పెళ్ళైంది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం ఇంటికి మేష్టారు వస్తే, ఆ పక్కన కూర్చుని ఆమె చదువు నేర్చుకుంది. పాఠం తమ్ముడి కోసం ఏర్పాటైంది, కానీ ఇద్దరు చదువుకున్నారు. ఆ తమ్ముడు 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి తెలుగులో శాస్త్ర విషయాల పుస్తకాలకి దారి వేశాడు. ఆ అక్క అంతకు ముందే, 1902లో, 'ధనత్రయోదశి' కథ రాసింది. 1905లో చనిపోయింది. తొలి తెలుగు కథ 1910 నాటి 'దిద్దుబాటు' అని ఎన్ని దశాబ్దాలు పాఠం చెప్పుకున్నామో మనకి తెలుసు. తమ్ముడి పాఠంలోంచి అక్క తీసుకున్నది తమ్ముడికి తగ్గిపోలేదు. జ్ఞానం విషయంలో పక్కన కూర్చోవడానికీ లాక్కోవడానికీ ఉన్న తేడా అదే.

మరి పెద్దవాళ్ళు ఏం చెయ్యాలి, చేతులు కట్టుకు నిలబడాలా? దీనికి 2010 డిసెంబరులో 'బయాలజీ లెటర్స్'లో వచ్చిన ఒక పత్రం మంచి నమూనా. ఇంగ్లండులోని డెవన్‌లో బ్లాకాటన్ ప్రాథమిక పాఠశాలకి చెందిన 8 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 25 మంది, తుమ్మెదలు రంగుల్నీ వాటి అమరికనీ ఎలా గుర్తుపెట్టుకుంటాయో పరిశీలించారు. ప్రశ్నలు వాళ్ళవి, మాటలు వాళ్ళవి, బొమ్మలు వాళ్ళు రంగు పెన్సిళ్ళతో వేసినవి. పూర్వ పరిశోధనల ప్రస్తావన కూడా లేదు, ఆ వయసు పిల్లలు చదవగలిగేవి కావు గనక. బో లాటో అనే శాస్త్రవేత్త వాళ్ళు చెప్పింది రాసిపెట్టాడు. వ్యాసుడి పక్కన వినాయకుడి పని అది. రాసినవాడు రాసినవాడుగానే కనిపించాడు, పిల్లలు కర్తలుగా కనిపించారు.

నేను అడుగుతున్నది ఇంతకంటే పెద్ద సంస్కరణ కాదు. చార్టు కింద ఒక పేరూ, గైడ్ టీచర్ అన్న ఒక గడీ చాలవు. ఈ ప్రశ్న ఎవరికి పుట్టింది, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరితో వాదించారు, అక్షరాలు ఎవరు రాశారు అన్న నాలుగు గళ్ళు వేస్తే చాలు. లాక్కునేవాళ్ళకి అందులో దాక్కునే చోటు దొరకదు. పీట అడిగేవాళ్ళకి చోటు దొరుకుతుంది. సాయం తీసుకోవడం నేరం కాకుండా పోతుంది, సాయాన్ని దాచడం నేరమవుతుంది. పిల్ల కూడా తన జ్ఞానం గాలిలోంచి రాలేదనీ, దానికి ముందు కొన్ని చేతులున్నాయనీ, ఆ చేతులతో వాదించే హక్కు తనకుందనీ నేర్చుకుంటుంది.

సాహిత్య పరిశోధనలో మనం చేస్తున్నదీ అదే పని. పాత పత్రికల్లో ఒక శ్రీమతి పేరు వెనక ఎవరున్నారు, ఒక మహాకవి చిత్తుప్రతిని సాపు చేసిందెవరు అని వెతుకుతాం. ఆ వెతుకులాట గ్రంథాలయాల్లో మొదలు కావలసిన అవసరం లేదు. ఎనిమిదో తరగతి గోడమీద జిగురు ఇంకా ఆరని చార్టు ముందు నిలబడి, దీన్ని ఎవరెవరు చేశారమ్మా అని అడిగితే చాలు. అడిగాక, జవాబు చెప్పేది ఆ పిల్లే అయ్యేలా చూడాలి.